కుందేలు తోక కింద ఎవరు చూస్తారు?

మొన్నీమధ్య మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒక వీడియో పెట్టారు. ప్లాస్టిక్ టబ్బులో తెల్ల కుందేలు. దానికి పసిపిల్లల షాంపూ రాసి మగ్గుతో నీళ్లు పోస్తున్నారు. అది చెవులు వెనక్కి అంటించేసుకుని, గుడ్లప్పగించి, కదలకుండా కూర్చుంది. కింద వరసగా మెచ్చుకోళ్లు. "ఎంత బుద్ధిగా చేయించుకుంటోందో", "మా వాడికి ఎల్‌కేజీలో చేరినా ఈ బుద్ధి రాలేదు" అని. కుందేలు భయపడితే చాలాసార్లు అరవదు, కరవదు, బిగుసుకుపోతుంది, అందుకే బుద్ధిగా ఉన్నట్టు కనిపిస్తుందని రాద్దామనుకున్నాను. కానీ ఆ గ్రూపులో మెయింటెనెన్స్ బిల్లు గురించి అడిగితేనే వారాల తరబడి తగువు నడుస్తుంది. అందుకని ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను.

కుందేలు వెనక భాగం మురికైతే ముందు చూడాల్సింది దాని తిండి గిన్నె. నీళ్ల దాకా వెళ్లడం ఆఖరి మాట. మన ఇళ్లలో జరిగేది దీనికి తలకిందులు. ఒళ్లంతా కడుగుతాం, తోక కింద మాత్రం చూడం. రెండింటికీ మూలం అసహ్యమే. వాసనొస్తే కడిగేయాలనిపిస్తుంది, మలం అంటుకున్న చోట చూడమంటే ముఖం పక్కకి తిరిగిపోతుంది. కృష్ణ ఒడ్డున పుట్టి, ఉక్కపోతకి రెండు పూటలా స్నానం చేసేవాళ్లకి నీళ్లు పోస్తే పోని మురికి ఉంటుందంటే నమ్మబుద్ధి కాదు మరి.

తెల్లవారుజామున జరిగే పని

మా ఇంట్లో రెండున్నాయి. మల్లి, గుమ్మడి. ఎవరు లావో పేర్లే చెబుతాయి. అవి కొత్తగా వచ్చినప్పుడు ఒకరోజు మా అత్తయ్యగారు తెల్లవారుజామున లేచేసరికి మల్లి నడుము వంచి, మూతి తోక కిందకి పెట్టి, ఏదో అందుకుని నమలకుండానే మింగేసింది. "ఇదేం జంతువమ్మా, తన పెంటికలు తనే తింటోంది! దీన్ని వంటింటి వైపు రానివ్వకు" అన్నారు. ఆ తర్వాత చాన్నాళ్లు మా వంటింటి గుమ్మానికి అడ్డంగా బియ్యం డబ్బా ఉండేది.

ఆవిడ చూసింది నిజమే. కుందేలు రెండు రకాల పెంటికలు వేస్తుంది. మనం పొద్దున ఊడ్చి పారేసేవి గట్టివి, గుండ్రటివి. వేళ్ల మధ్య నలిపితే లోపలంతా గడ్డిపొడి, వాసన దాదాపు ఉండదు. రెండో రకం నల్లగా, మెత్తగా, జిగురు పూతతో మెరుస్తూ చిన్న గుత్తిగా వస్తుంది. దానికి ఘాటైన వాసన. వీటిని సీకోట్రోప్‌లు అంటారు. పెద్దపేగు మొదట్లో సీకం అనే పెద్ద సంచి ఉంటుంది. అక్కడ సూక్ష్మజీవులు గడ్డిని పులియబెట్టి తయారుచేసిన బి విటమిన్లు, విటమిన్ కె, ప్రొటీన్ అన్నీ ఈ ముద్దల్లో ఉంటాయి. కుందేలు వీటిని నేల మీద పడనివ్వదు, బయటికొస్తుండగానే నోటితో అందుకుంటుంది. నమిలితే పైన జిగురు పొర పగులుతుంది కాబట్టి అలాగే మింగేస్తుంది. ఆవు నెమరువేసి రాబట్టుకునేదాన్ని కుందేలు ఈ దారిన రాబట్టుకుంటుంది. 1882లోనే మోరో అనే ఫ్రెంచి పశువైద్యుడు ఈ సంగతి వివరించాడు. మనం ఇంకా ఛీ ఛీ దగ్గరే ఉన్నాం.

అసలు మెలిక ఇక్కడుంది. తోక కింద అంటుకుని ఎండిపోయేది చాలాసార్లు విరేచనం కాదు, తినకుండా వదిలేసిన ఈ మెత్తని ముద్దలే. పెద్ద కుందేలుకి నిజమైన నీళ్ల విరేచనాలు అరుదు. వచ్చాయంటే మాత్రం రేపు చూద్దాంలే అనుకోకూడదు, అప్పటికప్పుడు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. పిల్ల కుందేళ్లకి కాక్సిడియా అనే పరాన్నజీవి వల్ల విరేచనాలు పట్టుకుంటాయి, అదీ అంతే అర్జెంటు. గట్టి పెంటికలు మామూలుగానే పడుతూ, మెత్తని ముద్దలు మాత్రం వెనక అంటుకుంటూ ఉంటే అడగాల్సిన ప్రశ్న వేరు. అది తినాల్సినదాన్ని ఎందుకు తినలేదు?

తిండి మరీ బలంగా ఉంటే, అంటే పెల్లెట్లు (గుళికల్లా చేసి ప్యాకెట్లలో అమ్మే కుందేలు దాణా), క్యారెట్, అరటిపండు, బిస్కెట్లు ఎక్కువైతే, ఆ ముద్దలు పలచబడి అతిగా వస్తాయి. కుందేలు వాటిని వదిలేస్తుంది. లావెక్కితే మూతి అక్కడిదాకా అందదు. నడుమో కీళ్లో నొప్పిగా ఉంటే వంగలేదు. పంటి నొప్పి ఉంటే వంగినా తినబుద్ధి కాదు. కుందేలు పళ్లు బతికినన్నాళ్లూ పెరుగుతూనే ఉంటాయి. గడ్డి నమలకపోతే అరగవు, మొనలు తేలి నాలుకకీ బుగ్గలకీ గుచ్చుకుంటాయి. అంటే తోక దగ్గర కనబడ్డ మురికికి కారణం నోట్లో ఉండొచ్చు. షాంపూ ఇందులో దేనికి మందో చెప్పండి.

పేడ చూసి దాణా మార్చేవాళ్లు

ఈ విషయంలో నాకు దారి చూపించింది నేను చదివిన వాటికన్నా మా అత్తయ్యగారే. ఆవిడ పుట్టిల్లు ఉయ్యూరు దగ్గర పల్లె, పాడి ఉన్న ఇల్లు. కుందేళ్లని దూరం నుంచే గమనిస్తూ గమనిస్తూ ఒకరోజు గుమ్మడిని చూసి "దీనికి దాణా ఎక్కువైందే" అన్నారు. మీకెలా తెలిసిందంటే, "పేడ పలచనైతే గేదెని కడుగుతూ కూర్చుంటామా? దాణా తగ్గించి చొప్ప ఎక్కువ వేస్తాం, అదే సర్దుకుంటుంది" అన్నారు. బియ్యం డబ్బా ఆ వారమే గుమ్మం దగ్గర నుంచి పక్కకి జరిగింది.

గుమ్మడి అప్పట్లో ప్యాకెట్ మీద రాసిన కొలత ప్రకారం పెల్లెట్లు తినేవాడు. ఆ కొలత అమ్మేవాళ్లు రాసింది కదా, తక్కువెందుకు రాస్తారు? పెద్ద కుందేలుకి కిలో బరువుకి రోజుకి 25 గ్రాములు దాటనక్కర్లేదు. కడుపు నిండాల్సింది గడ్డితో. తినేదాంట్లో ఎనభై శాతానికి పైగా గడ్డే ఉండాలి. ఇంకా తేలిగ్గా చెప్పాలంటే దాని ఒళ్లంత కుప్ప రోజూ దాని ముందుండాలి. పెల్లెట్లు ఒక్కసారిగా ఆపేస్తే లోపలి సూక్ష్మజీవులు తట్టుకోలేవు కాబట్టి మెల్లగా తగ్గించుకుంటూ వచ్చాం. తోక కింద ముద్దలు ముందు తగ్గాయి. ఒళ్లు తగ్గడానికి చాలా ఎక్కువ కాలం పట్టింది, ఇప్పటికీ పేరు మార్చాల్సినంతగా తగ్గలేదనుకోండి.

క్యారెట్ గురించి ఎవరితో వాదించినా ఓడిపోతాను. సినిమాల్లో, బొమ్మల్లో, పాలు తాగే పిల్లల గ్లాసుల మీద కూడా కుందేలు చేతిలో క్యారెట్టే. అది దుంప, చక్కెర ఎక్కువ. చిటికెన వేలంత ముక్క ఎప్పుడైనా పెట్టొచ్చు, భోజనంగా కాదు. ఆకులే కావాలనుకుంటే కొత్తిమీర, పుదీనా, మెంతికూర, ముల్లంగి ఆకు మార్చి మార్చి కొంచెం కొంచెం పెట్టొచ్చు. పాలకూర, తోటకూర రోజూ వద్దు.

మూత్రం సంగతి కూడా దీంతోనే ముడిపడి ఉంది. మన ఒంట్లోకి కాల్షియం అవసరమైనంతే వెళ్తుంది. కుందేలు తిన్నదాంట్లో ఉన్న కాల్షియం చాలావరకు ఒంట్లోకి వెళ్లిపోయి, ఎక్కువైంది మూత్రంలో బయటికొస్తుంది. అందుకే దాని మూత్రం ఆరాక టైల్స్ మీద తెల్లగా సున్నం మరక మిగులుతుంది. వెనిగర్ పోస్తే పోతుంది. అయితే మూత్రం చిక్కగా, పేస్టులా వస్తే మూత్రసంచిలో ఆ కాల్షియం పేరుకుంటోందని లెక్క. అలాంటప్పుడు చుక్కలు చుక్కలుగా కారి తొడల లోపలి బొచ్చు తడిసే ఉంటుంది. కింద చర్మం ఎర్రగా ఒరిసిపోతుంది. మునగాకు మంచిదని మనుషులకి చెప్పినట్టే కుందేలుకీ రోజూ గుప్పెళ్లతో పెడుతున్నవాళ్లని చూశాను. మునగాకులో కాల్షియం బాగా ఎక్కువ, ఆ ప్రేమ కాస్త తగ్గించుకోవాలి. మూత్రం ఒకోసారి నారింజ రంగులోనో ఎర్రగానో వచ్చిందని టెన్షన్ పడకండి, ఆకుల రంగు వల్ల కూడా అలా వస్తుంది. అదే రంగు ఆగకుండా వస్తున్నా, ముక్కుతూ పోస్తున్నా చూపించాల్సిందే.

పచ్చ ఈగ

గుంటూరు బ్రాడీపేటలో మా తమ్ముడి ఇంట్లో ఒక కుందేలుంది. పాప పుట్టినరోజుకి ఎవరో ఇచ్చారు. ప్రతి ఆదివారం తలంటు. దగ్గరికి తీసుకుంటే షాంపూ వాసన గుప్పుమనేది. పైపైన తుడిచి బాల్కనీలో వదిలేవారు. కుందేలు బొచ్చు రెండు పొరలు, పైపొర ఆరినా లోపలిది గంటల తరబడి తడిగానే ఉంటుంది. జూలైలో ముసురు పట్టినప్పుడు మరదలు ఫోన్ చేసింది. "వదినా, ఇది పొద్దున్నుంచీ మూల కూర్చుంది, ఏమీ తినట్లేదు, వెనకాల ఏదో కదులుతోంది" అంది.

కదులుతున్నవి పురుగులు. తడి, మలం వాసన ఉన్న బొచ్చు కనబడితే పచ్చ ఈగ అక్కడ గుడ్లు పెడుతుంది. వేడిగా ఉక్కగా ఉంటే ఒక్క రోజు లోపే పిల్లలవుతాయి. అవి చచ్చిన చర్మంతో ఆగవు, బతికున్న మాంసం తింటూ లోపలికి తొలుచుకుపోతాయి. ఒకటి రెండు రోజుల్లో కుందేలు చనిపోవచ్చు. చల్లటి దేశాలవాళ్లు దీన్ని ఎండాకాలం జబ్బు అంటారు. మనకి ఎండాకాలం కానిది ఎప్పుడని? నున్న మార్కెట్‌కి మామిడికాయలు దిగడంతో మొదలైన ఈగలు దీపావళి దాటినా పోవు.

ఆ కుందేలు బతికింది. అక్కడి డాక్టర్ బొచ్చు గొరిగి, పట్టకారుతో ఒక్కో పురుగూ తీసి, సెలైన్ ఎక్కించి, నొప్పికి ఇంజెక్షన్ ఇచ్చారు. అప్పటికే పక్కింటి పెద్దాయన టర్పెంటైన్ సీసా తెచ్చి సిద్ధంగా ఉన్నారట. గేదె పుండులో పురుగు పడితే పల్లెల్లో పోసేది అదే. గేదె తోలు ఎక్కడ, కుందేలు చర్మం ఎక్కడ! గట్టిగా లాగితే చిరిగిపోయేంత పలచన దానిది, పైగా అది రాసినదల్లా నాకుతుంది. మరదలు ఒప్పుకోకపోవడమే దాని అదృష్టం.

మందుల మాట వచ్చింది కాబట్టి రెండు చెప్పి ముందుకెళ్తాను. కుక్కల గోమార్లకి మెడ మీద వేసే ఫిప్రోనిల్ చుక్కల మందు కుందేలుకి విషం. మెడికల్ షాపులో అడగ్గానే ఇచ్చే అమాక్సిసిలిన్ నోటి ద్వారా పడితే సీకంలో మంచి సూక్ష్మజీవులు చచ్చి ప్రాణం మీదికొస్తుంది. పిల్లల జ్వరానికి తెచ్చిన సిరప్ మిగిలింది కదా అని పోసేవాళ్లున్నారు, అందుకే చెబుతున్నాను. కుందేళ్లు చూడటం అలవాటున్న డాక్టర్ మీ వీధిలో లేకపోతే మన దగ్గర గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది. ఆ దారి ముందే తెలుసుకుని పెట్టుకోవడం మంచిది.

తమ్ముడి ఇంట్లో జరిగినదానికి పూర్తిగా ఎదురు అనుభవం సింగ్‌నగర్‌లో ఉండే నా స్నేహితురాలిది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు వాళ్ల కింది అంతస్తు మునిగింది. కరెంటు లేదు, తాగడానికి నీళ్ల ప్యాకెట్లు పడవల మీద రావాలి. నీళ్లు తీశాక బురద, కుళ్లు, ఈగలు. ఆమె దగ్గర రెండు కుందేళ్లు, ఒక బస్తా ఎండుగడ్డి. "మాకే స్నానాల్లేవు, వాటికెక్కడ?" అంది తర్వాత. పొద్దునా సాయంత్రం ఫోన్ టార్చ్ వేసి తోక కింద చూడటం, ఏమైనా అంటుకుంటే మెత్తని మొక్కజొన్న పిండి (కార్న్‌ఫ్లోర్) చల్లి దువ్వడం, పాత దోమతెర గూడు మీద కప్పడం. చేసింది ఇంతే. వాటికి ఏమీ కాలేదు. దీన్ని రుజువు అనను. కానీ వారం వారం తలంటు పోసుకున్నదానికి పురుగులు పడి, చుట్టూ కుళ్లు మధ్య ఎండుగడ్డి తిన్నవి క్షేమంగా ఉండటం నన్ను చాలా ఆలోచింపజేసింది.

కడగక తప్పనప్పుడు

అసలు నీళ్లే తగలకూడదని నేననను. ఎండి గట్టిపడిన ముద్దలు అలా వదిలేయలేం. మా ఇంట్లో ఎలా చేస్తామో చెబుతాను.

నేల మీదే కూర్చుంటాను, మంచం మీదో బల్ల మీదో కాదు. కుందేలు వెనక కాళ్లతో తన్నే దెబ్బకి దాని వెన్నెముకే విరగొచ్చు, ఎత్తు నుంచి దూకితే మరీ ప్రమాదం. పాత కాటన్ చీర ముక్క ఒళ్లో పరిచి, దాని వీపు నా పొట్టకి ఆనేలా కూర్చోబెట్టి, పిర్రల కింద చెయ్యి వేస్తాను. ఎదురుగా మా అమ్మాయి కొత్తిమీర రెమ్మ పట్టుకుని ఉంటుంది. వెల్లకిలా పడుకోబెట్టి నిద్రపుచ్చే వీడియోలు చూసి మోసపోకండి, అదీ భయంతో బిగుసుకోవడమే.

దూదిని గోరువెచ్చని నీళ్లలో ముంచి, ముద్ద మీద ఒత్తి అలాగే ఉంచుతాను. లాగను. కాసేపటికి అంచులు మెత్తబడి బొచ్చు నుంచి వదులవుతాయి, అప్పుడు వేళ్లతోనే ఒక్కో వెంట్రుకా విడదీస్తాను. తారు పట్టినట్టు పట్టుకున్నవి ఉంటే ట్రిమ్మర్ వాడాలి. కత్తెర వద్దే వద్దు. ముద్ద కింద చర్మం ముడత పడి పైకి వచ్చి ఉంటుంది, బొచ్చనుకుని కోసేస్తాం. సబ్బు, షాంపూ, డెట్టాల్ ఏవీ అక్కర్లేదు, ఎలాగూ నాకుతుంది. చివర్లో పొడిగుడ్డతో అద్ది, ఫ్యాన్ కింద పెట్టి, వేలు పెట్టి మొదళ్ల దాకా ఆరిందో లేదో చూశాకే వదులుతాను. ముద్ద చిన్నదైతే నీళ్లు కూడా వద్దు, మొక్కజొన్న పిండి చల్లి నలిపితే పొడిగా రాలిపోతుంది. టాల్కం పౌడర్ మాత్రం ఊపిరితిత్తులకి మంచిది కాదు.

చూస్తున్నప్పుడే మూత్రద్వారానికి రెండు పక్కలా చిన్న ముడతలు కనిపిస్తాయి. అక్కడి గ్రంథుల్లోంచి గోధుమరంగు గుమిలి వచ్చి పేరుకుంటుంది. వాసనంతా దానిదే. కొబ్బరినూనెలో ముంచిన దూది పుల్లతో నెమ్మదిగా తీసేస్తే చాలు. ఇల్లంతా కుందేలు కంపు అని గోలపెట్టేవాళ్లలో ఎంతమంది ఈ ముడతలు విప్పి చూశారో అడగాలని ఉంటుంది నాకు.

తమ్ముడి వాదన, నా సందేహాలు

మా తమ్ముడు ఒప్పుకోలేదు. "నేను పట్టిన కుందేటికి మూడే కాళ్లు అంటావక్కా నువ్వు. ఫారాల్లో వందల కుందేళ్లుంటాయి, వాటికి పెల్లెట్లే కదా వేసేది? వైరు గూళ్లలో వెనకాల తెల్లగా మెరుస్తుంటాయి" అన్నాడు. గట్టి ప్రశ్నే, తోసేయలేను. ఫారం పెల్లెట్లలో పీచు బాగా కలుపుతారు. మన షాపుల్లో రంగురంగు గింజలు, ఎండు పళ్ల ముక్కలు కలిపి అమ్మే ప్యాకెట్లు అలా ఉండవు. వైరు జాలి మీద పెంటికలు కిందకి రాలిపోతాయి కాబట్టి ఒంటికి అంటుకోవు, అదీ నిజమే. అయితే మాంసానికి పెంచే కుందేలు మూడు నాలుగు నెలలు బాగుంటే చాలు. ఇంట్లో కుందేలు ఎనిమిది, పదేళ్లు బతకాలి. అన్నేళ్లు జాలి మీద కూర్చుంటే పాదాల మీద బొచ్చు పోయి పుండ్లు పడతాయి. ఫారం లెక్క ఇంటికి సరిపోదంటాను. వాడు మాత్రం ఈ మధ్య ఆదివారం తలంటు మానేశాడు, ఎందుకని అడిగితే "టైం దొరకట్లేదు" అంటాడు.

ఎండల సంగతి ఇంకో పెద్ద ప్రశ్న. మే నెలలో బెజవాడ 44, 45 డిగ్రీలు కాగిపోతుంటే కుందేలుకి నీళ్లు పోస్తే హాయిగా ఉండదా? దానికి చెమట పట్టదు, ఒంట్లో వేడి ఎక్కువగా చెవుల నుంచే పోతుంది. 30 డిగ్రీలకే దానికి ఇబ్బంది మొదలవుతుంది. ఇదంతా ఒప్పుకుంటాను. దానికి విరుగుడు చెవులు తడిగుడ్డతో తుడవడం, ఫ్రీజర్‌లో గడ్డకట్టించిన నీళ్ల సీసాకి గుడ్డ చుట్టి పక్కన పెట్టడం, కూలరో ఏసీయో ఉన్న గదిలో ఉంచడం. ఒళ్లంతా తడిపితే బొచ్చు లోపల ఆవిరి పట్టి ఉడికిపోతుంది, ఈగలకి పిలుపు కూడా అవుతుంది. ఇంత చేయాల్సి వచ్చేచోట అసలు కుందేలుని పెంచడం న్యాయమేనా అని మా ఆయన ఏటా ఏప్రిల్‌లో అడుగుతారు. నా దగ్గర ధైర్యంగా చెప్పే జవాబు లేదు. ఇప్పటికే ఉన్నవాటిని బాగా చూసుకుంటాను, కొత్తది ఎవరికీ బహుమతిగా ఇవ్వను, ఇవ్వనివ్వను. అంతవరకే చెప్పగలను.

ముసలి కుందేళ్లు, కాళ్లు పడిపోయినవి, అంగోరా లాంటి పొడుగు బొచ్చువి నా వాదనకి లొంగవు. వాటికి తిండి ఎంత సరిచేసినా తోక కింద తడుస్తూనే ఉంటుంది, ఎవరో ఒకరు రోజూ శుభ్రం చేయాల్సిందే. అక్కడ తిండి సంగతి రెండోది, మనిషి ఓపిక మొదటిది. మల్లికి వయసు మీద పడుతోంది. అక్కడి బొచ్చు ట్రిమ్మర్‌తో పొట్టిగా తీసి ఉంచడం ఇప్పుడే అలవాటు చేస్తున్నాను.

గరిక ఎక్కడ దొరుకుతుంది?

గడ్డి పెట్టండి, గడ్డి పెట్టండి అని చెప్పడం తేలిక. తెచ్చుకోవడమే కష్టం. ఆన్‌లైన్‌లో వచ్చే తిమోతి గడ్డి విదేశీ సరుకు, కిలో ధర చూస్తే మన సన్నబియ్యమే చవక. వరిగడ్డి కావలసినంత దొరుకుతుంది కానీ అందులో బలం తక్కువ, ఇసక లాంటి సిలికా ఎక్కువ. పడకకి, కాస్త నమలడానికి పనికొస్తుంది, దాని మీదే బతకలేవు. లేత జొన్న చొప్పలో సైనైడ్ విషం ఉంటుందని రైతులందరికీ తెలుసు. మన చుట్టుపక్కల కాగితం మిల్లుల కోసం వేసే సుబాబుల్ ఆకు కుందేళ్లు ఎగబడి తింటాయి, ఎక్కువైతే అందులోని మైమోసిన్ వల్ల బొచ్చు ఊడుతుంది.

మిగిలింది గరిక. కుందేలుకి అంతకన్నా మంచి గడ్డి మన నేల మీద నాకు కనబడలేదు. ఏలూరు కాలువ గట్టు మీద కావలసినంత ఉంది కానీ అక్కడ జరగని పని లేదు, తేలేం. నేను గుడి దగ్గర ఆవులకి పెట్టడానికి పచ్చగడ్డి కట్టలు అమ్మే ఆమె దగ్గర తీసుకుంటాను. మొదటిసారి "ఇది ఏ పొలం గట్టుది? మందు కొట్టారా?" అని అడిగితే ఎగాదిగా చూసి, "ఆవుకి వేసేవాళ్లెవరూ అడగలేదమ్మా, నీ కుందేలేమన్నా కలెక్టరా?" అంది. అయినా చెప్పింది. మిరపచేను గట్టుదైతే నాకివ్వదు, "నీది కాదమ్మా ఇది" అని పక్కన పెట్టేస్తుంది. మిరపకి ఎన్నిసార్లు మందు కొడతారో గుంటూరు వైపు వాళ్లకి నేను చెప్పాలా?

తెచ్చినదాన్ని రెండు మూడు నీళ్లలో కడిగి, మేడ మీద నీడలో పలచగా ఆరబెడతాను. ఎండలో వేస్తే రంగు పోతుంది, కుప్పగా వేస్తే బూజు పడుతుంది. బూజు వాసన కొంచెం తగిలినా పారేయాలి. వినాయక చవితికి గరిక కట్ట ధర చుక్కలనంటుతుంది, ఆ వారం ఆమె మనకి కనబడదు కూడా. అందుకే ఆగస్టులోనే రెండు గోనెసంచులు నింపి పెట్టుకోవాలనుకుంటున్నాను. వానల్లో అంత గడ్డి బూజు పట్టకుండా ఎలా దాచాలన్నదే తేలలేదు. కంకిపాడు, పెనమలూరు వైపు మందు కొట్టని పశుగ్రాసం మడి ఎవరికైనా ఉంటే, రెండు వారాలకోసారి ఒక బస్తా ఇవ్వగలిగితే, దయచేసి చెప్పండి. వచ్చి నేనే కోసుకుంటాను.